ఎ. రామచంద్రన్: 'యయాతి' నుండి తామరకొలను వరకు

భారతీయ భాషలలో యయాతి కథ నడచిన దారి దీర్ఘమైనది. మహాభారతము ఆదిపర్వమునందలి ఈ కథను 11వ శతాబ్దిలో నన్నయభట్టు తెనిగించెను. 16వ శతాబ్దిలో పొన్నికంటి తెలగనార్యుడు దీనినే ఇతివృత్తముగా గ్రహించి, అచ్చ తెలుగు కావ్యములలో మొదటిదిగా పేరొందిన 'యయాతి చరిత్రము'ను రచించి అమీనుఖానునకు అంకితమొసగెను. 1959లో మరాఠీలో వి. స. ఖాండేకర్ నవల వెలువడెను. దానికి 1974లో జ్ఞానపీఠ పురస్కారము లభించెను. 1961లో కన్నడమున గిరీశ్ కర్నాడ్ నాటకము ప్రకటితమాయెను. ఈ పట్టిక భాషాశాఖలలో పనిచేయువారికి క్రొత్తది కాదు. దీనిలో చేర్పదగిన యయాతి మరియొకటి కలదు. అది ఏ భాషలోను వ్రాయబడలేదు. 1984–86 సంవత్సరముల నడుమ ఢిల్లీలో ఎ. రామచంద్రన్ పన్నెండు ఫలకములపై చిత్రించిన 'యయాతి' అది. దాని నిడివి 60 అడుగులు, ఎత్తు 8 అడుగులు.

ఒక పురాణకథను ఒక భాష నుండి మరియొక భాషకు కొనిపోయినవాడు ఏమి విడిచెను, ఏమి నిలిపెను, ఏమి చేర్చెను అని ప్రశ్నించుట తులనాత్మక పరిశీలనమునకు పరిపాటి. రామచంద్రన్ చిత్రమును గూర్చియు ఇదే ప్రశ్న వేయదగును. అట్లు వేసినచో, ఆతని కళను గూర్చి తరచు వినవచ్చు ఒక అభియోగమునకు సమాధానము దొరకును. తొలి రెండు దశాబ్దులు మానవుని బాధను, హింసను తీవ్రముగా చిత్రించిన ఈ కళాకారుడు నడివయస్సున దానిని విడిచి తామరపూలలోను, గిరిజన స్త్రీల సౌందర్యములోను తలదాచుకొనెననియు, మనుష్యుని విడిచి ప్రకృతిలోనికి పారిపోయెననియు ఆ అభియోగము. పైకి ఇది సమంజసముగనే తోచును. చిత్రములను వరుసగా పరిశీలించినచో మాత్రము నిలువదు. 'యయాతి' మానవస్థితిని గూర్చి ఆతడు వేసిన ప్రశ్న. తామరకొలను ఆ ప్రశ్నకు ఆతడు కనుగొన్న సమాధానము.

రామచంద్రన్ 1935లో కేరళదేశమునందలి ఆట్టింగల్‌లో జన్మించెను. బాల్యమున కర్ణాటక సంగీతమును అభ్యసించెను. 1957లో కేరళ విశ్వవిద్యాలయము నుండి మలయాళ సాహిత్యమున ఎం.ఏ. పట్టము పొందెను. ఆ పిమ్మటనే శాంతినికేతనము చేరి కళాభవనమున చిత్రకళను నేర్చి, 1961లో ఆ విద్యను పూర్తిచేసెను. సాహిత్య విద్యార్థిగా మొదలిడి చిత్రకారుడైనవాడు కనుక, కథను ఎట్లు చదువవలెనో ఆతడు కుంచె పట్టుటకు ముందే నేర్చినాడు. ఈ విషయము భాషాపండితులు గుర్తింపదగినది.

శాంతినికేతనమున ఆతనికి లభించిన గురువులు ఇరువురు, రామ్‌కింకర్ బైజ్, వినోద్ బిహారీ ముఖర్జీ. రామ్‌కింకర్ 1938లో నిర్మించిన 'సంతాల్ కుటుంబము' శిల్పమున, శ్రమించు గిరిజనుడు దేవతామూర్తికి గల నిండుదనముతో ఆరుబయట నిలిచినాడు. వినోద్ బిహారీ 1946–47లో హిందీభవనము గోడలపై మధ్యయుగ భక్తకవుల జీవితమును చిత్రించెను. అందు కబీరు, సూరదాసు, తులసీదాసు మొదలగువారు తమ చుట్టునున్న జనప్రవాహములో ఒకరై కనుపింతురు. గిరిజనుని దేహమునందలి గౌరవము ఒక గురువు నుండి, విశాలమైన గోడను కథగా నడపు నేర్పు మరియొక గురువు నుండి రామచంద్రన్‌కు సంక్రమించినవి. 1961 నుండి 1964 వరకు ఆతడు కేరళ కుడ్యచిత్రములపై పరిశోధనము సాగించెను. ఆ దేవాలయములను తిరిగి, ఆ చిత్రములను స్వయముగా పరిశీలించి సేకరించిన జ్ఞానము 2005లో ఆంగ్లగ్రంథముగా వెలువడినది. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు అను పంచవర్ణములతో, అంగుళమైనను ఖాళీ విడువక నిండియుండు ఆ కుడ్యసంప్రదాయము ఆతనిలో ఇరువది సంవత్సరములు నిద్రాణమై యుండి, 'యయాతి'లో మేల్కొనెను.

అది నిద్రాణమై యుండుటకు కారణము కాలము. శాంతినికేతనమున చదువు రోజులలో కలకత్తా వీథులలో ఆతడు చూచినది దేశవిభజనచే నెలవు తప్పిన శరణార్థుల దైన్యము. 1965లో ఢిల్లీలో జామియా మిల్లియా ఇస్లామియాలో కళాధ్యాపకుడుగా చేరిన పిమ్మట చిత్రించిన పెద్ద పటములలో మానవదేహములు ఒకదానిపై నొకటి క్రిక్కిరిసి, మెలితిరిగి, పెక్కుచోట్ల తలలేని మొండెములై కనుపించును. కండరములు కలవు, ముఖములు లేవు. ఎవరు హంతకులో, ఎవరు హతులో తెలియదు. 1970ల దశకమున చిత్రించిన యాదవకుల వినాశ చిత్రము మౌసలపర్వమును సమకాలమునకు తెచ్చినది. అణు విస్ఫోటమును రాగమాలా చిత్రసంప్రదాయముతో ముడివెట్టిన 'న్యూక్లియర్ రాగిణి' 1974 నాటి పోఖ్రాన్ పరీక్ష పిమ్మటి కాలమునకు చెందినది. ఈ చిత్రములలోని విశాలతయందును, ఆగ్రహమునందును మెక్సికో కుడ్యచిత్రకారుల ప్రభావమును విమర్శకులు గుర్తించిరి. పురాణమును వర్తమానమునకు వ్యాఖ్యానముగా వాడు పద్ధతి అప్పటికే ఆతనిలో స్థిరపడియున్నదని ఈ చిత్రములు చెప్పుచున్నవి.

1984 నవంబరులో ఢిల్లీలో సిక్కులపై జరిగిన హత్యాకాండను రామచంద్రన్ దగ్గర నుండి చూచెను. హింసను అంతవరకు చిత్రవస్తువుగా గైకొన్న చిత్రకారునకు అది కండ్లయెదుట నిలిచినపుడు, దానిని రంగులలో పెట్టి గోడకు వ్రేలాడదీయుట ఎంతవరకు న్యాయము అను సంశయము కలిగెను. ఈ సంశయము నైతికమైనది. బాధపడువాని బాధను సుందరమైన వస్తువుగా మార్చి, బాధపడనివానికి చూపుటలో ఒక అపచారము కలదు. కరుణరసమును ఆస్వాద్యముగా పరిగణించు మన కావ్యశాస్త్రమునకు ఈ చిక్కు తెలియనిది కాదు. శోకము శ్లోకమగునపుడు శోకించువానికి ఏమి మిగులును అను ప్రశ్న ఎన్నడును పూర్తిగా తీరినది కాదు. రామచంద్రన్ ఆ ప్రశ్నను పక్కకు నెట్టలేదు. దాని భారమునకు తలయొగ్గి తన మార్గమును మార్చుకొనెను. పారిపోయినవాడు ప్రశ్నను వెంట తీసికొనిపోడు. ఆతడు తీసికొనిపోయెననుటకు ఆ సంవత్సరమే మొదలిడిన 'యయాతి' సాక్ష్యము.

ఇక ఆ చిత్రములో ఆతడు విడిచినదేమి, నిలిపినదేమి? శుక్రుని శాపమును, దేవయాని కోపమును, పూరుని త్యాగమును ఒకదాని వెంట నొకటిగా చూపు ప్రయత్నము ఇందు లేదు. ఖాండేకర్ నవలలో యయాతి, దేవయాని, శర్మిష్ఠ తమ తమ గొంతులతో తమ కథ చెప్పుకొందురు. అందు ప్రధానమైనది కామమునకును సంయమమునకును గల పోరు. కర్నాడ్ నాటకమున భారము కొడుకుపైకి, అంతకుమించి కోడలు చిత్రలేఖపైకి మొగ్గును; తండ్రి ముసలితనమును మోసిన భర్తను అంగీకరింపలేక ఆమె ప్రాణము విడుచును. రామచంద్రన్ ఈ కుటుంబవ్యాజ్యమును పూర్తిగా విడిచెను. నిలిపినది ఒక్క కాలము మాత్రమే. ఆతని చిత్రమునకు మూడు భాగములు, ఉషస్సు, మధ్యాహ్నము, సంధ్య. వెలుగు పొంగి, నిండి, క్రమముగా చీకటిలోనికి ఒరుగును. ఇందలి స్త్రీమూర్తులకు ఆధారమైనవారు రాజస్థానమున బండ్లపై సంచరించు గాడియా లోహారులు. చిత్తూరుగడ పతనమైన పిదప స్థిరనివాసమును త్యజించితిమని చెప్పుకొను కమ్మరి జాతివారు వారు. రాజు కథను చెప్పుటకు ఇల్లు లేనివారిని ఎన్నుకొనుటలోనే ఈ చిత్రకారుని వ్యాఖ్య యున్నది. యౌవనము ఎవరికిని స్థిరనివాసము కాదు.

ఈ చిత్రము నిలుపబడిన తీరు కూడ గమనింపదగినది. ఫలకములు మూడు వైపుల ఆవరించి యుండ, నడుమ పదమూడు కంచు శిల్పములు అమరి యుండును. కేరళ దేవాలయములందు కుడ్యచిత్రములు తరచు శ్రీకోవిల వెలుపలి గోడలపై నుండును. భక్తుడు ప్రదక్షిణము చేయుచు వానిని చూచును. ఇచ్చట ఆ క్రమము తారుమారైనది. చూచువాడు లోపల నిలిచినాడు, చిత్రములు ఆతని చుట్టును తిరుగుచున్నవి. గర్భగృహమున దేవుడు నిలువవలసిన తావున ప్రేక్షకుడు నిలిచినాడు. కనుక ఉషస్సు, మధ్యాహ్నము, సంధ్య జరుగుచున్నది ఆతనికే. యయాతి ఎచ్చట అని వెదకు ప్రేక్షకుడు కొంత తడవునకు తానే యయాతియని గ్రహించును. కావ్యము చదువువాడు కథానాయకునితో తాదాత్మ్యము పొందుట యనునది భాషలో ఊహచే సాధ్యమగును. ఇచ్చట అది నిలుచుండు చోటుచేతనే సాధింపబడినది. యయాతి కథకు చిత్రకళ చేర్చినది ఇది. ఈ చేర్పు ఏ భాషారూపమునందును లేదు.

'యయాతి' ముగియునాటికి రామచంద్రన్ వయస్సు ఏబదియొకటి. తరువాత దాదాపు నాలుగు దశాబ్దులు ఆతడు చిత్రించెను. 1992లో అధ్యాపకవృత్తి నుండి స్వచ్ఛందముగా విరమించి, ఉదయపూరు పరిసరములందలి నాగదా, ఏకలింగజీ, ఓబేశ్వర్ మొదలగు తావులకు పలుమారులు పోయి, అచ్చటి కొలనులను, భిల్లులను కూర్చుండి గీచెను. ఆ రేఖాచిత్రముల నుండి పుట్టినవే పెద్ద తామరకొలను చిత్రములు. వీనిని చూచినవారు పూలను చూచి మరలిపోదురు. నిలిచి చూచినచో మొగ్గ, వికసించిన పూవు, రేకులు రాలిన కాయ, పురుగు తిన్న ఆకు, ఎండి వంగిన తూడు అన్నియు ఒక్క నీటిపై ఒక్కమారే కనుపించును. 'యయాతి'లో ఉషస్సు, మధ్యాహ్నము, సంధ్య ఒకదాని తరువాత ఒకటి వచ్చినవి. చివరిది వచ్చినపుడు మొదటిది పోయినది. ఆ పోయినదానిని తిరిగి తెచ్చుకొనవలెనను ఆరాటమే యయాతి దుఃఖము. కొలనులో ఆ మూడును కలసియే యున్నవి. అచ్చట ఏ పూవును మరియొక మొగ్గ యౌవనమును అప్పు తీసికొనదు. ఎండిన ఆకు బురదయగును, బురద నుండి మొగ్గ లేచును. ముదిమిని గూర్చి 'యయాతి' వేసిన ప్రశ్నకు ఇంతకంటె స్పష్టమైన సమాధానమును మాటలలో చెప్పుట కష్టము.

కొలనులో మనుష్యుడు లేడనుటయు సరికాదు. రామచంద్రన్ తన్ను తాను పెక్కు చిత్రములలో చిత్రించుకొనెను. ఒకచోట కీటకముగా, మరియొకచోట తాబేలుగా, తన వృద్ధముఖమును ఆ ప్రాణి దేహమునకు తగిలించి, చిత్రపు మూలన నిలిపెను. చూచువానికి మొదట నవ్వు వచ్చును. కూర్మావతారమును స్మరింపజేయు ఆ తాబేలు భూభారమును మోయునది కాదు, ఊరక చూచుచున్నది. మనుష్యుడు ఈ చిత్రమునకు కేంద్రము కాడు, రాజు కాడు, ప్రభువు కాడు, సాక్షి. 1970ల నాటి పటములను ముఖములేని దేహములు నింపినవి. ఈ తరువాతి పటములలో మనుష్యునకు ముఖము తిరిగి వచ్చినది, అధికారము పోయినది. ప్రకృతిలోని గూఢత్వమును ఛేదించుటకు ప్రయత్నింపక, దాని నడుమ చిన్నప్రాణిగా నిలుచుట మానవస్థితిని గూర్చిన ఒక దృఢమైన అభిప్రాయమే కాని పలాయనము కాదు.

ఈ చిత్రములు అలంకారప్రాయములు అను ఆక్షేపణకు సమాధానము చెప్పదగినవారు అలంకారశాస్త్రము చదివినవారే. ఐరోపా ఆధునిక కళావిమర్శలో అలంకరణము అర్థమునకు విరోధియై, పైపూతయై నిలిచినది. భామహుడు మొదలు జగన్నాథుని వరకు సాగిన చర్చలో ఆ విభజన ఇంత సులభము కాదు. అలంకారము ధ్వనికి అంగమగునా, ధ్వనిని మింగునా అనునదే ఆ చర్చలోని ప్రశ్న. రామచంద్రన్ చిత్రములకును ఇదే కొలత వర్తించును. ఈ కొలతతో చూచినచో ఆతని చిత్రములన్నియు ఒక్క స్థాయిలో నిలువవు. కొన్నింట ఆభరణములు, అద్దకపు వస్త్రములు, తీగలు రమణీయముగా పేరుకొని, ఆ రమణీయతతోనే ముగియును. తామరకొలనులలో ఉత్తమమైనవానియందు మాత్రము ఆ నిండుదనమే క్షయమును మోయుచున్నది. ఒక్కొక్క ఆకు ఒక్కొక్క వయస్సు. ఆకులన్నియు కలిసినపుడే కాలము కనుపించును. అచ్చట అలంకారమును తీసివేసినచో అర్థమును తీసివేసినట్లే.

ఒక ఆక్షేపణ మాత్రము నిలుచును. దానిని ఆతని అభిమానులు తేలికగా త్రోసివేయరాదు. ఈ చిత్రములలోని భిల్లులు పండుగనాటి వస్త్రములతో, నిత్యయౌవనముతో, పూలతీగల నడుమ కనుపింతురు. భిల్లులకు మరియొక చరిత్ర కలదు. 1913 నవంబరులో రాజస్థాన–గుజరాతు సరిహద్దునందలి మాన్‌గఢ్ కొండపై గోవింద గురువు అనుచరులైన భిల్లులు సైన్యపు కాల్పులకు బలియైరి. అడవి తగ్గుట, నీరు ఇంకుట, కూలికై వలసపోవుట వారి నేటి జీవితములోని భాగములు. వీని జాడ ఈ పటములలో లేదు. స్త్రీదేహమును ప్రకృతికి ప్రతిరూపముగా మరల మరల నిలుపుటయు ప్రశ్నింపదగినదే. శకుంతలను తీగయని వర్ణించు కావ్యపరంపర బిడ్డడైన చిత్రకారుడు ఆ పరంపర గుణముతో పాటు దోషమును కూడ వారసత్వముగా పొందెను. బాధను ప్రదర్శింపరాదను నైతిక సంశయముతో మొదలైన మార్గము, బాధయే లేనట్లు చూపు స్థితికి కొన్ని చోట్ల చేరినది. ఈ లోపమును ఒప్పుకొనినంత మాత్రమున కొలనుల విలువ తగ్గదు; వానిలోని ఎండిన ఆకునకు గల వయస్సు, వాని ఒడ్డున నిలిచిన మనుష్యులకు ఏల లేదను ప్రశ్న మాత్రము మిగులును.

ఈ చర్చ చిత్రకళాశాఖలకు మాత్రమే చెందినది కాదు. తెలుగులో చిత్రకళను గూర్చి వ్రాయు సంప్రదాయము లేకపోలేదు. అడివి బాపిరాజు కవిగా, నవలాకారుడుగా, చిత్రకారుడుగా ఏకకాలమున పనిచేసెను. సంజీవదేవ్ తుమ్మపూడి గ్రామమున నుండి దేశదేశముల చిత్రకళను తెలుగు పాఠకునకు సన్నిహితము గావించెను. ఆ మార్గము విశ్వవిద్యాలయ భాషాశాఖలలో పాఠ్యముగా స్థిరపడలేదు. తులనాత్మక సాహిత్యపత్రమున యయాతి కథ చెప్పునపుడు నన్నయ, తెలగనార్యుడు, ఖాండేకర్, కర్నాడ్ అని పేర్లు చదివి ఆగుదురు. పురాణకథ మన దేశమున ఏనాడును మాటలలో మాత్రమే బ్రతుకలేదు. గోడపై, రాతిపై, తోలుబొమ్మపై, పటముపై బ్రతికినది. లేపాక్షి కప్పునందలి చిత్రములను కట్టడపు చరిత్రలో భాగముగా చదువుట పరిపాటియైనది. కథను చదివిన ఒక పాఠకుని వ్యాఖ్యానముగా చదువుట ఇంకను అరుదు. రామచంద్రన్ 'యయాతి'ని పాఠ్యములో చేర్చుట చిత్రకళపై దయ చూపుట కాదు. కథ యొక్క చరిత్రను పూర్తిచేయుట. అందుకు కావలసిన సాధనములు, వస్తువు, రసము, ధ్వని, ఔచిత్యము మొదలగునవి, భాషాశాఖలయొద్దనే యున్నవి.

2005లో పద్మభూషణ పురస్కారమును పొందిన రామచంద్రన్ 2024 ఫిబ్రవరి 10వ తేదీన ఢిల్లీలో కాలధర్మము చెందెను. అప్పటికి ఆతని వయస్సు ఎనుబదియెనిమిది. పురాణములోని యయాతి వేయి సంవత్సరములు కొడుకు యౌవనమును అనుభవించి, భోగముచే కోరిక తీరదని గ్రహించి, దానిని మరల ఇచ్చివేసి అడవికి పోయెను. అడవికి పోయిన పిదప ఆతడు అచ్చట ఏమి చూచెనో కావ్యములు విస్తరింపలేదు. తపస్సని చెప్పి ముగించినవి. ఆ విడిచిన భాగమును ఈ చిత్రకారుడు నాలుగు దశాబ్దులు చిత్రించెను. మొగ్గయు, పండుటాకును ఒక్క నీటిలో నిలిచియున్న ఆ కొలను యయాతి కథకు ఉత్తరభాగము. దానిని అట్లు చదువుట భాషాపండితుల వంతు.